ఒళ్లో విమానం... ల్యాప్‌టాప్ మోస్తుందా?

శంషాబాద్. రాత్రి తొమ్మిదిన్నర. దుబాయ్ నుంచి వస్తున్న ఎయిర్‌బస్ 320 కిందికి దిగుతోంది. చక్రాలు బయటకొచ్చాయి. ఫ్లాప్స్ పూర్తిగా విచ్చుకున్నాయి. ఎదురుగా రన్‌వే దీపాలు రెండు వరుసల్లో మెరుస్తున్నాయి. 'ఫిఫ్టీ... ఫార్టీ... థర్టీ...' నేల ఇంకా ఎన్ని అడుగుల దూరంలో ఉందో విమానమే లెక్క చెబుతోంది. 'ట్వెంటీ' అన్న మాట సగంలో తెగిపోయింది. దీపాలు ఉన్నచోటే నిలిచిపోయాయి. ఒక సెకను... రెండు సెకన్లు... మళ్లీ కదలిక వచ్చేసరికి విమానం రన్‌వే పక్కన గడ్డిలో ఉంది!

ప్రాణనష్టం ఏమీ లేదు. ఆ విమానం ఎగురుతున్నది ఓ హాస్టల్ గదిలో, మంచం మీద పెట్టిన ల్యాప్‌టాప్‌లో. నాలుగు గంటలు కళ్లార్పకుండా కూర్చున్న కుర్రాడికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి ఉన్న పిల్లలున్న ఇళ్లలో ఇది తెలిసిన కథే. 'లక్ష రూపాయలు పోసి కొన్నాం, ఒక్క ఆటను మోయలేదా?' అని నాన్న అడుగుతారు. 'అది ఆట కాదు నాన్నా' అంటాడు కొడుకు. నిజానికి ఇద్దరి మాటా నిజమే. లక్ష పోసిన ల్యాప్‌టాప్ చాలా ఆటల్ని అవలీలగా ఆడిస్తుంది. అదే యంత్రం, సిమ్యులేటర్‌లో అచ్చంగా అసలు విమానంలా పనిచేసే ఓ అదనపు విమానాన్ని పెట్టగానే చతికిలబడుతుంది. ఎందుకలా?

నలభై ఏళ్లనాటి పరీక్ష

'ఈ కంప్యూటర్ మీద విమానం ఎగురుతుందా?' అన్న ప్రశ్న కొత్తదేం కాదు. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే అమెరికన్ ఇంజినీరు ఆపిల్-2 కోసం తయారుచేసిన విమానం ఆట చూసి మైక్రోసాఫ్ట్ ముచ్చటపడింది. 1982 నవంబరులో ఐబీఎం పీసీ కోసం దాన్ని 'ఫ్లైట్ సిమ్యులేటర్' పేరుతో విడుదల చేసింది. ఆ రోజుల్లో ఐబీఎంను చూసి బోలెడు కంపెనీలు అలాంటి కంప్యూటర్లే తయారుచేసేవి. అవి నిజంగా ఐబీఎంకు సాటి వస్తాయా లేదా అని తేల్చడానికి రెండే రెండు ప్రోగ్రాములు వేసి చూసేవారు. ఒకటి లోటస్ 1-2-3. రెండోది ఫ్లైట్ సిమ్యులేటర్! విమానం ఎగిరితే కంప్యూటర్ పాసైనట్టే.

ఆ తర్వాత 2006లో ఎఫ్ఎస్ఎక్స్ వచ్చింది. 2009లో దాన్ని తయారుచేసిన బృందాన్నే మైక్రోసాఫ్ట్ మూసేసింది. పదకొండేళ్ల తర్వాత, 2020 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో చేతుల మీదుగా కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ తయారై వచ్చింది. 2024 నవంబరులో దాని తర్వాతి అవతారం. ఇవి కాకుండా ఆస్టిన్ మేయర్ అనే ఆయన మొదలుపెట్టిన 'ఎక్స్-ప్లేన్' ఉంది. రెక్కను ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలంతో పనిచేస్తుందో లెక్కగట్టడం దాని ప్రత్యేకత.

అసలు బరువు ఎక్కడుంది?

సిమ్యులేటర్‌తోపాటు వచ్చే చిన్న సెస్నాను ఎగరేయడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ ఒకటి, గడియారాల్లాంటి మీటర్లు ఆరు. ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కూడా లాక్కొస్తుంది. అసలు చిక్కు విడిగా కొనుక్కునే విమానాలతోనే.

పీఎండీజీ అనే సంస్థ తయారుచేసే బోయింగ్ 737నే తీసుకుందాం. మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్యులేటర్ కోసం 2022లో వచ్చింది. 2024లో 777 వచ్చింది. విడుదలైన కొత్తలో వీటి ధర డెబ్భై డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2020లో సిమ్యులేటర్ ధరే అరవై డాలర్లు! కొండంత గుడి కన్నా అందులోని దేవుడికే ఖర్చెక్కువన్నమాట. అంత పెట్టి కొన్నాక ఏమొస్తుంది? చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న కాక్‌పిట్ వస్తుంది. బ్యాటరీ వెయ్యాలి. తోకలో ఉండే చిన్న ఇంజిన్ను తిప్పాలి. ఇంధనం పంపులు, హైడ్రాలిక్స్ ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చెయ్యాలి. విమానం తానెక్కడుందో తెలుసుకోవడానికి తీసుకునే కొన్ని నిమిషాలూ ఓపిగ్గా కూర్చోవాలి. ఒక్క పంపు మరిచిపోయినా అసలు విమానంలో ఏ దీపం వెలుగుతుందో ఇక్కడా అదే వెలుగుతుంది.

తెర మీద ఇదంతా కనబడదు గానీ, లోపల వందలాది లెక్కలు నిరంతరం నడుస్తూనే ఉంటాయి. ఏ తీగలో కరెంటు ఉంది, ఏ ట్యాంకులో ఎన్ని కిలోల ఇంధనం మిగిలింది, ఈ గాలిలో ఈ బరువుతో ఏ ఎత్తులో ఎంత వేగంతో వెళ్లాలి... వీటికితోడు కాక్‌పిట్‌లోని అరడజను తెరలు. వాటిలో ప్రతిదాన్నీ కంప్యూటర్ విడివిడిగా గీయాలి. ఒక సినిమా నడుస్తుండగా దానిలోపల ఇంకో ఆరు చిన్న సినిమాలు నడుస్తున్నట్టు. 2022లోనే వచ్చిన ఫెనిక్స్ ఎయిర్‌బస్ 320 అయితే విమానం మెదడును సిమ్యులేటర్ బయట ఇంకో ప్రోగ్రాముగా నడిపిస్తుంది. అంటే ల్యాప్‌టాప్ ఒకేసారి రెండు కాపురాలు మొయ్యాలి.

ఈ పనంతా ఎంతసేపట్లో కావాలి? తెర మీది బొమ్మ సెకనుకు 30 సార్లు మారితే చూడ్డానికి సాఫీగా ఉంటుంది. అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం సెకనులో ముప్ఫయ్యో వంతు, అంటే 33 మిల్లీసెకన్లు. ఈలోపు లెక్కలు తెమలకపోతే బొమ్మ ఆగుతుంది. సెకనుకు ఇరవై కంటే తగ్గిందంటే, మీరు స్టిక్ కదిపినప్పటికీ విమానం కదిలినప్పటికీ మధ్య తేడా చేతికి తెలిసిపోతుంది. ల్యాండింగ్ చెడేది అక్కడే.

'మా ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు కోర్లున్నాయి కదా' అనొచ్చు. ఉంటాయి. కానీ సిమ్యులేటర్లో చాలా పనులు ఒకే వరుసలో, ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. టిఫిన్ సెంటర్లో పద్నాలుగు మంది పనివాళ్లున్నా దోశల పెనం ఒక్కటే అయితే ఏం లాభం? చట్నీ రుబ్బేవాళ్లు, ప్లేట్లు కడిగేవాళ్లు ఖాళీగా ఉంటారు. బయట జనం మాత్రం పెనం వైపే చూస్తుంటారు. సిమ్యులేటర్ భాషలో ఆ పెనం పేరు 'మెయిన్ థ్రెడ్'. ఆ ఒక్క పెనం ఎంత చురుగ్గా కాలుతుందన్నదే ముఖ్యం. కోర్లు ఎన్ని అన్నది ఆ తర్వాతి సంగతి. ప్రాసెసర్‌లోనే అదనపు క్యాష్ మెమరీ అమర్చిన ఏఎండీ ఎక్స్3డీ రకాలంటే సిమ్యులేటర్ ప్రియులు చెవి కోసుకునేది ఇందుకే. ల్యాప్‌టాప్‌లలో 2023లో వచ్చిన రైజెన్ 9 7945హెచ్ఎక్స్3డీ అలాంటిదే. కానీ అది ఖరీదైన యంత్రాల్లోనే దొరుకుతుంది.

పేరొకటే... ఊరు వేరు

ఇక గ్రాఫిక్స్ కార్డు. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మోసం అనడం సబబు కాదేమో... కాగితం మీద రాసే ఉంటుంది. చదివేదెవరు?

డెస్క్‌టాప్‌లో వాడే ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్ల దాకా కరెంటు తాగుతుంది. 24 జీబీ మెమరీ దాని సొంతం. ల్యాప్‌టాప్‌లో అదే పేరుతో ఉండేదానికి 16 జీబీ మెమరీ, గరిష్ఠంగా 175 వాట్లు. లోపలి చిప్ కూడా వేరే! డెస్క్‌టాప్ 4080లో వాడిన రకం అది. 4070 కార్డుకు డెస్క్‌టాప్‌లో 12 జీబీ ఉంటే ల్యాప్‌టాప్‌లో 8 జీబీ. 2025లో వచ్చిన 5070కి కూడా ల్యాప్‌టాప్‌లో మొదట ఇచ్చింది ఎనిమిదే.

అంతేనా? ల్యాప్‌టాప్‌లలో సైతం ఒకే పేరున్న రెండు కార్డులు ఒకటి కావు. ఆర్‌టీఎక్స్ 4060ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చుకునే వీలు తయారీదారులకు ఉంది. పల్చటి, అందమైన ల్యాప్‌టాప్‌లో అది సగం శక్తితో పనిచేస్తుండొచ్చు. పక్క షాపులో ఇటుకలా ఉన్న బండ ల్యాప్‌టాప్‌లో అదే 4060 పూర్తి శక్తితో పరుగెడుతుంది. స్టిక్కరు ఒక్కటే. అందుకే షాపులో అడగాల్సింది 'ఏ కార్డు?' అని కాదు, 'ఆ కార్డుకు ఎన్ని వాట్లు?' అని. సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేస్తే కంపెనీ ఇచ్చే స్పెసిఫికేషన్ల పట్టికలో టీజీపీ అన్న చోట చూడండి.

విజయవాడ ఎండల్లో...

ఇంత చెప్పాక కూడా అసలు శత్రువు గురించి ఇంకా చెప్పుకోలేదు. దాని పేరు వేడి.

మామూలు ఆట అరగంట ఆడి లేచిపోతాం. సిమ్యులేటర్ అలా కాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి అసలు విమానంలో ఎంతసేపు పడుతుందో ఇక్కడా దాదాపు అంతే. దగ్గర దగ్గర నాలుగు గంటలు. అంతసేపూ ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ పక్కపక్కనే, రెండు వేళ్ల మందం లేని డబ్బాలో, రెండు చిన్న ఫ్యాన్ల దయ మీద ఉడుకుతుంటాయి. చిప్ వేడి వంద డిగ్రీల దాపుకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చెడిపోయిందని కాదు, అది దానికి నేర్పిన బుద్ధే. కానీ ఆ బుద్ధి ఎప్పుడు గుర్తొస్తుంది? ప్రయాణం చివర్లో. పెద్ద నగరం, పెద్ద ఎయిర్‌పోర్టు, చుట్టూ ఇతర విమానాలు, దీపాలు అన్నీ ఒక్కసారిగా ఎదురై కంప్యూటర్‌కి అత్యంత శక్తి కావలసిన క్షణంలో! పైన చెప్పుకున్న 'ట్వెంటీ' సగంలో తెగిపోయేది ఇలాంటప్పుడే.

యూట్యూబ్‌లో కనిపించే పరీక్షలు చాలావరకు పది పదిహేను నిమిషాలవి. చల్లటి దేశంలో, ఏసీ గదిలో చేసినవి. మన సంగతి వేరు. మే నెలలో విజయవాడలో బయట 42 డిగ్రీలు, మేడ మీది గదిలో ఇంకాస్త ఎక్కువ. ల్యాప్‌టాప్ ఫ్యాన్ చల్లగాలిని పుట్టించదు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాక్కుని తోస్తుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్‌కు ఊపిరి తీసుకునే జాగా ఆ మేరకు తగ్గిపోయినట్టే. దీనికితోడు పరుపు మీద పెట్టారా... అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. హాస్టల్ కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లు సగం చచ్చేది ఆ పరుపుల మీదే.

ఏసీ లేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. బల్ల మీద పెట్టి, వెనకవైపు రెండు పుస్తకాల ఎత్తు లేపండి. ఏడాదికోసారి విప్పించి దుమ్ము దులిపించండి. చిప్ మీది థర్మల్ పేస్టు ఎండిపోతే మార్పించండి. ఎండాకాలం పెద్ద ప్రయాణాలు తెల్లవారుజామున పెట్టుకోండి. చదువుకోడానికి నాలుగింటికి లేవనివాడు దీనికి తప్పకుండా లేస్తాడు!

ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద ఆడదామనుకుంటే మాత్రం ఆశ వదులుకోవాలి. గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి శక్తి చూపించేది గోడకు కట్టేసి ఉన్నప్పుడే. అయితే కరెంటు పోయినప్పుడు డెస్క్‌టాప్‌లా ఠక్కున ఆరిపోదు. మందగించినా బతికే ఉంటుంది. పాజ్ నొక్కి కరెంటు వచ్చేదాకా ఆగొచ్చు. మన పల్లెల్లో ఇది చిన్న సుగుణమేం కాదు.

మెమరీ లెక్కలు

పాత ఎఫ్ఎస్ఎక్స్ కాలంలో అందరినీ ఏడిపించింది మెమరీయే. అది 32-బిట్ ప్రోగ్రాము. కంప్యూటర్లో 16 జీబీ ర్యామ్ ఉన్నా దానికి 4 జీబీకి మించి వాడుకోవడం చేతకాదు. 2011లో పీఎండీజీ 737, 2013లో 777 వచ్చాక ఆ నాలుగూ చాలలేదు. పదేసి గంటలు ప్రయాణం చేసి, గమ్యం కనబడుతుండగా 'అవుట్ ఆఫ్ మెమరీ' అంటూ సిమ్యులేటర్ మూసుకుపోయేది. అది కంప్యూటర్ తప్పు కాదు. ఎంత ఖరీదైనది కొన్నా అదే గతి. ఇప్పుడొస్తున్న సిమ్యులేటర్లన్నీ 64-బిట్‌వే కాబట్టి ఆ గోడ లేదు. ఎంత ర్యామ్ ఉంటే అంత వాడుకుంటాయి. వాడుకోనివ్వాలి కూడా.

2024 సిమ్యులేటర్‌కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస ర్యామ్ 16 జీబీ. బాగుండాలంటే 32. గ్రాఫిక్స్ మెమరీ కనీసం 4 జీబీ, బాగుండాలంటే 8. గుర్తుంచుకోండి, ఆ కనీసం అన్నది సిమ్యులేటర్ తెరుచుకోవడానికి. దాని మీద ఫెనిక్స్, ఆ పక్కనే వాతావరణం చూపే ప్రోగ్రాము, మ్యాపు కోసం బ్రౌజర్ తెరిచాక 16 చాలదు. ర్యామ్ అయితే తర్వాతైనా కొని వేసుకోవచ్చు, అదీ బోర్డుకే అతికించేసిన రకం కాకపోతే. గ్రాఫిక్స్ మెమరీ మాత్రం కొన్నరోజు ఎంతో చివరిదాకా అంతే. నన్నడిగితే, డబ్బులు సరిపోనప్పుడు తెర అందం దగ్గరా, కీబోర్డు కింద వెలిగే రంగురంగుల దీపాల దగ్గరా తగ్గండి. గ్రాఫిక్స్ మెమరీ దగ్గర మాత్రం తగ్గొద్దు. 4 జీబీ కార్డుతో ఈ బరువైన విమానాల జోలికి వెళ్లడం దండగ. ఆరు ఉంటే సర్దుకుపోవాలి. ఎనిమిదితో కాపురం సాఫీగా సాగుతుంది. పన్నెండు ఉంటే అదృష్టం.

ఇంటర్నెట్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి. 2020 సిమ్యులేటర్‌కు డిస్కులో 150 జీబీ జాగా కావాలన్నారు. 2024ది 50 జీబీతో సరిపెట్టుకుంటుంది గానీ నేల, చెట్లు, ఊళ్లు ఎగురుతుండగానే నెట్ నుంచి దింపుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే హాస్టల్ జీవులకు రోజువారీ డేటా టేకాఫ్‌తోనే ఖర్చయిపోయినా ఆశ్చర్యం లేదు.

ఉన్నదాంతోనే ఎలా?

ఇప్పటికే కొనేసి ఉంటే? అన్నీ కిందికి దించేయడం కుర్రాళ్ల మొదటి పని. అది తప్పు వైద్యం. రోగం ఎక్కడుందో చూడాలి ముందు. సిమ్యులేటర్లో డెవలపర్ మోడ్ తెరిస్తే ఏది అడ్డుపడుతోందో అదే చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు అంటే మేఘాలు, నీడలు తగ్గించాలి. మెయిన్ థ్రెడ్ అంటే మేఘాలు ఎంత తగ్గించినా పైసా లాభం ఉండదు. దూరపు నేల ఎంత వివరంగా కనబడాలన్న సెట్టింగు, ఎయిర్‌పోర్టులో తిరిగే ఇతర విమానాలు, కాక్‌పిట్ తెరలు ఎంత వేగంగా మారాలన్న సెట్టింగు... ఈ మూడూ తగ్గించాలి. బరువైన విమానంతో వచ్చే జబ్బు సాధారణంగా ఈ రెండో రకమే.

ఇంకో చిట్కా వింటే వింతగా ఉంటుంది. బొమ్మల వేగాన్ని సెకనుకు 30 దగ్గర కట్టేయండి. ఒకసారి 55, ఇంకోసారి 22 వచ్చే యంత్రం కన్నా నికరంగా 30 ఇచ్చేది చేతికి హాయి. పైగా యంత్రం అనవసరంగా పరుగెత్తదు కాబట్టి వేడెక్కదు. విమానం నడపడం తుపాకీ కాల్పుల ఆట కాదు. ముప్ఫయి చాలు. డీఎల్ఎస్ఎస్ లాంటి మాయలతో గ్రాఫిక్స్ కార్డు భారం తగ్గించుకోవచ్చు. కాకపోతే కాక్‌పిట్ తెరల మీద అంకెలు మసకబారినట్టు, కదిలేటప్పుడు తోక వదిలినట్టు కనిపిస్తాయి. విమానంలో చదవాల్సినవి ఆ అంకెలే మరి!

కొనబోయేవాళ్లకు సూటిగా ఒకమాట. ఇంట్లోనే ఉండి ఆడుకునే పిల్లాడికైతే అదే డబ్బుతో డెస్క్‌టాప్ కొనండి. ఎక్కువ శక్తి వస్తుంది, నాలుగేళ్లకు కార్డొక్కటీ మార్చుకోవచ్చు. హాస్టల్లో ఉండేవాడికి ల్యాప్‌టాప్ తప్పదు. అప్పుడు బరువైనదే కొనాలి. రోజూ కాలేజీకి మోసుకెళ్లడానికి హాయిగా ఉండేదీ, విమానాన్ని మోసేదీ ఒకటే అయి ఉండటం చాలా అరుదు.

'పైలట్ అవుతా, అందుకే కావాలి' అని పిల్లలు అడుగుతుంటే ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు డీజీసీఏ అడిగేది 200 గంటల అసలు ఎగరడం. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద రెండువేల గంటలు ఎగిరినా లాగ్‌బుక్‌లో ఒక్క నిమిషం చేరదు. అలాగని వృథా అనలేం. ఏ మీటరు ఏం చెబుతుందో, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ముందే అలవాటైనవాడికి క్లాసులో పాఠం కొత్తగా అనిపించదు. కాళ్ల కింద రడ్డరు బరువు, గాలి కుదుపుకు కడుపులో కలిగే తిప్పుడు మాత్రం ఏ ల్యాప్‌టాప్ నేర్పదు. అది నేర్చుకోడానికి అయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది. పిల్లాడికి ఆ దారిలో నిజంగా ఎంత ఓపిక ఉందో ముందుగా చూసుకోడానికి ఇదొక చౌక పరీక్ష.

విమానం కొనేముందు కూడా ఓ పరీక్ష ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. ఫ్లైబైవైర్ అనే ఔత్సాహికుల బృందం ఎయిర్‌బస్ 320ను ఉచితంగానే ఇస్తోంది. దింపుకోండి. ఆకాశంలో పెట్టి పరీక్షించకండి. 35 వేల అడుగుల ఎత్తులో ఏ ల్యాప్‌టాప్ అయినా వీరుడే. ఓ పెద్ద ఎయిర్‌పోర్టులో, సాయంత్రం పూట, టెర్మినల్ పక్కన నిలబెట్టండి. తెరలన్నీ వెలిగించండి. గది తలుపులు మీరు రోజూ ఎలా ఉంచుతారో అలాగే ఉంచి రెండు గంటలు వదిలేయండి. ఆ తర్వాత టేకాఫ్ చేసి, ఊరి మీదుగా ఓ చుట్టు తిప్పి, మళ్లీ అక్కడే దించండి. ఫెనిక్స్ దీనికన్నా కాస్త బరువే కాబట్టి నాలుగైదు ఫ్రేములు మిగులు ఉండేలా చూసుకోండి. చక్రాలు నేలను తాకేటప్పుడు సెకనుకు 35 చూపిస్తుంటే నాన్నను కార్డు అడగొచ్చు. 22 చూపిస్తుంటే ఆ ఉచిత ఎయిర్‌బస్‌నే సెట్టింగులు తగ్గించుకుని నడుపుకోండి. డబ్బు పెట్టి కొనేవాటిని చాలామంది ఒకసారి దింపుకున్నాక వెనక్కి తీసుకోరు.